శస్త్రవైద్యుడు లా పేరొనీ

వైద్య విద్యార్థులకు పేరొనీ అంటే పరీక్షకు చదవవలసిన ఒక జబ్బు పేరు. ఆ పేరుగల మనిషి ఎలా బతికారో చాలామందికి తెలియదు. తెలియవలసిన మనిషే అని నాకు తోచి ఇది రాస్తున్నాను.

ఫ్రాన్స్వా జీగో ద లా పేరొనీ 1678లో దక్షిణ ఫ్రాన్సులోని మోంపెల్యే నగరంలో జన్మించారు. తండ్రి క్షురకవృత్తితో పాటు శస్త్రవైద్యమూ చేసేవాడు. ఆ రోజుల్లో అక్కడ లాటిను చదివిన వైద్యుడు దూరంగా నిలబడి చెప్పేవాడు, కోసేది క్షురకుడు. గౌరవం మాత్రం మొదటివాడిదే! (మన పల్లెల్లో కురుపులు కోసి కట్టుకట్టిన వాళ్ళకు దక్కిన మర్యాద ఏపాటిదో మనకు తెలియదా?)

లా పేరొనీ జీవితమంతా ఈ చిన్నచూపు మీదే పోరాడారు. మారెషాల్ అనే పెద్దాయనతో కలిసి 1731లో పారిస్‌లో శస్త్రవైద్య అకాడమీ పెట్టించారు. 1736లో 15వ లూయీ రాజుకు ప్రథమ శస్త్రవైద్యులయ్యారు. 1743లో రాజాజ్ఞ వచ్చింది: శస్త్రవైద్యులు వేరు, క్షురకులు వేరు, పారిస్‌లో శస్త్రవైద్యుడు కావాలంటే ఇకపై ఎం.ఏ. పట్టా ఉండాలి. తండ్రి చేసిన రెండు పనులనూ కొడుకే విడదీయించాడన్నమాట! ఇది నాకు కాస్త చివుక్కుమనిపిస్తుంది గాని, ఆ చదువు నిలబడడానికి వేరే దారి ఉందనుకోను.

అదే ఏడు అకాడమీ తొలి సంపుటం వెలువడింది. అందులో ఆయన, మగవాళ్ళు ఎవరికీ చెప్పుకోలేక దాచుకునే ఒక బాధను గురించి రాశారు. పురుషాంగంలో జపమాల పూసల్లా గట్టి మచ్చలు కట్టి, స్తంభించినప్పుడు అంగం వంకర తిరగడం అది. ఫాలోపియస్ వంటివారు అంతకుముందే గమనించినా, పేరు నిలిచింది ఈయనదే. రాజుగారి వైద్యుడే సిగ్గుపడకుండా రాశాక ఇక మనకెందుకు సిగ్గు?

లోపలి గొట్టాలను చుట్టి ఉండే సాగే పొరకు తెలియకుండానే చిన్న చిన్న దెబ్బలు తగిలి, అవి సరిగా మానక పీచులా గట్టిపడడం వల్ల ఇది వస్తుందని నేటి అభిప్రాయం. ఇది కాన్సరు కాదు, అంటురోగమూ కాదు. మొదటి నెలల్లో ఉండే నొప్పి సాధారణంగా తగ్గిపోతుంది. వంకర మాత్రం చాలామందిలో తనంతట పోదు. లా పేరొనీ బారెజ్ ఊటనీళ్ళు వాడమన్నారు. వాటిని ఇప్పుడెవరూ నమ్ముకోరు, ఇ విటమిను మాత్రలూ పనిచేస్తాయని రుజువు కాలేదు. ఆ మచ్చను కరిగించే కొలాజినేజ్ ఇంజెక్షనుకు అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది. వంకర పెరగడం ఆగి స్థిరపడ్డాక, సంసారానికి అడ్డమైతేనే ఆపరేషను. అంతదాకా ఓపిక పట్టాలి. బజారు మందుల జోలికి పోకుండా యూరాలజీ డాక్టరుకు చూపించుకోవాలి. మనసు కుంగితే అదీ ఆయనతో చెప్పాలి.

లా పేరొనీ 1747లో వెర్సాయిలో కన్నుమూశారు. ఆస్తిలో అధికభాగం పారిస్, మోంపెల్యే శస్త్రవైద్య సంఘాలకు రాసిపోయారు. ఆ సొమ్ముతోనే మోంపెల్యేలో శరీరశాస్త్ర పాఠాలకోసం సెయింట్ కోమ్ భవనం కట్టారు.