ఖాతా పుస్తకంలో 500 డాలర్లు

మన బడి జట్టులో ఫుట్‌బాల్ ఆడిన నేను ఇప్పుడు మినియాపొలిస్‌లో ఉంటున్నాను. 1867లో ఈ ఊళ్లోనే పుట్టిన విలియం హెఫెల్‌ఫింగర్ గారి కథ మిత్రులకు చెప్పాలనిపించింది.

ఆయనది బంతిని చేతపట్టి పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. యేల్‌లో చదువుతూ ఆటలో పేరు తెచ్చుకున్నారు. 1892 నవంబర్ 12న పిట్స్‌బర్గ్‌లో ఒక క్లబ్బును గెలిపించారు. డబ్బుకు ఆడటం అప్పట్లో అప్రతిష్ఠ. 1895లో మినెసోటా విశ్వవిద్యాలయ జట్టుకు కోచ్. తర్వాత రాజకీయాల్లోకి వచ్చి, ఇక్కడి హెన్నెపిన్ కౌంటీ కమిషనర్‌గా ఏళ్ల తరబడి పనిచేశారు. 1954లో కన్నుమూశారు.

ఆ తర్వాత బయటపడిన క్లబ్బు ఖాతా పుస్తకంలో ఆయన పేరిట 500 డాలర్లు కనిపించాయి. నేడు తొలి వృత్తి ఆటగాడిగా ఆయన్ను గౌరవిస్తున్నారు.

పొరుగూరి జట్టుకు పది రూపాయలకు ఆడిన సంగతి డ్రిల్లు మాస్టారి దగ్గర దాచాను. ఇన్నేళ్లకు ఇక్కడ ఒప్పుకుంటున్నాను.