మార్గదర్శి మెకాడం

ప్రభుత్వ మరామత్తు శాఖలో పనిచేయువారికి మెకాడం అను మాట నిత్యవ్యవహారము. అంచనా పట్టికలలోను, కొలతల పుస్తకములలోను, కంట్రాక్టు పత్రములలోను ఆ మాట వచ్చుచునే యుండును. నీటితో తడిసి రోలరు క్రింద బిగిసిన కంకరపొరకు వాటర్ బౌండ్ మెకాడం అని పేరు. అయితే ఇది రాతిపేరు కాదనియు, యంత్రము పేరు కాదనియు, ఒక మనుష్యుని యింటిపేరనియు ఎఱిగినవారు కొలదిమందియే. స్కాట్లండు దేశీయుడగు జాన్ లౌడన్ మెకాడం ఇంజనీరు విద్య నభ్యసించినవాడు కాడు, యౌవనమున వర్తకుడు. అరువది యేండ్లు నిండవచ్చు తరుణమున రహదారుల పెత్తనము చేపట్టి, ఎనుబదవయేట కన్నుమూయునాటికి బ్రిటనులో బాటలు వేయు పద్ధతిని మార్చెను. వాటిని వేయించు పద్ధతిని గూడ మార్చెను. ఈ రెండవ మార్పే ఆయన జీవితకృషికి ప్రాణము.

మెకాడం 1756వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన స్కాట్లండునందలి ఎయిర్ పట్టణమున జన్మించెను. 1770లో తండ్రి మరణించుటచే, పదునాలుగేండ్ల బాలుని న్యూయార్కు నగరమున వర్తకము చేయుచున్న పినతండ్రి యొద్దకు పంపిరి. అచ్చటనే లెక్కలు వ్రాయుటయు, సరకును తూచుటయు, మాటను నిలుపుకొనుటయు నేర్చుకొనెను. అమెరికా స్వాతంత్ర్యయుద్ధమున ఆయన బ్రిటిషు రాజపక్షము వహించి, సముద్రముపై పట్టుబడిన శత్రునౌకల సరకును విక్రయించు ఏజెంటుగా ధనము గడించెను. తన పక్షము ఓడిపోయిన పిమ్మట 1783లో ఆస్తిలో కొంత పోగొట్టుకొని, భార్యాబిడ్డలతో స్వదేశమునకు తిరిగివచ్చి, ఎయిర్ ప్రాంతమున సాక్రీ అను ఎస్టేటును కొని స్థిరపడెను. భూస్వామి యగుటచే ఆ ప్రాంతపు రహదారుల ట్రస్టులో సభ్యత్వము లభించెను. బాటల దుస్థితి ఆయన కంటబడినది అప్పుడే.

ఆనాటి బాటలు చెడుటకు కారణము రాతికొఱత కాదు. 1555వ సంవత్సరపు చట్టము ననుసరించి ఇంగ్లండులో గ్రామవాసులు ఏటికి నాలుగు దినములు, పిమ్మట ఆఱు దినములు, కూలి లేక బాటపని చేయవలసియుండెను. ఇది మన గ్రామములలోని వెట్టివంటిదే. పనిని చూచుటకు గ్రామస్థులలో నొకనిని ఏడాదికొకసారి నియమించెడివారు. వానికి జీతము లేదు, ఆ పనియందు నేర్పును లేదు. ఆ వెట్టి చాలకపోగా, పార్లమెంటు ప్రత్యేక చట్టములచే ట్రస్టుల నేర్పఱచి, టోల్ గేటులు నిలిపి ఆశీలు వసూలుచేయు నధికారమును స్థానిక ప్రముఖులకిచ్చెను. కాలక్రమమున ఇట్టి ట్రస్టులు వేయికి మించినవి. ఒక్కొక్క దానిక్రింద కొలది మైళ్ళ బాటయే. డబ్బు వసూలగుచుండెను, అది ఎటుపోవుచున్నదో విచారించువారు లేరు. సర్వేయరు అను పేర నియమింపబడినవానికి చాలీచాలని జీతము. గుంతలు పడినచోట మట్టి కలిసిన గులకరాళ్ళను గుమ్మరించుటయే మరమ్మతు. వాన వచ్చిన అది బురద. బండి వచ్చిన అది గాడి.

మెకాడం తారు తయారుచేయు వ్యాపారమున దిగి నష్టపడెను. 1798లో ఇంగ్లండు నైరృతిమూల నున్న ఫాల్మత్ రేవున నౌకాదళమునకు ఆహారసామగ్రి సమకూర్చు ఏజెంటుగా కుదిరెను. ఆ యేటినుండి 1814 వఱకు, తీరిక దొరికినప్పుడెల్ల, దేశమున ముప్పదివేల మైళ్ళ బాటలను తిరిగిచూచెను. అందులకు వ్యయమైనవి దాదాపు 1,900 దినములు. చేతిసొమ్ము 5,000 పౌన్లకు పైమాట. ఈ పనికి ఆయనను నియమించినవారు లేరు, ఫలితమిత్తుమని మాట యిచ్చినవారును లేరు. ఎచ్చట బాట నిలిచినది, ఎచ్చట కుంగినది, దానికి ఎంత ఖర్చయినది, ఆ ఖర్చును ఎవరు వ్రాసిపెట్టినారు అనునవి ఆయన అడిగిన ప్రశ్నలు.

ఆ సంచారమున తేలిన సిద్ధాంతము సులభమైనది. బండి బరువును మోయునది నిజమునకు నేలయే. రాతిపొర ఆ నేలకు కప్పు మాత్రమే. ఇంటికప్పు కారకున్న లోపలి గోడలు చెడనట్లే, నీరు దిగకున్న నేల ఎంత బరువునైనను మోయును. కాబట్టి బాటను చుట్టుప్రక్కల నేలకన్న ఎత్తుగా వేయవలెను. ఇరువైపుల కాలువలు తీయవలెను. నడుమ కొలదిగా ఉబ్బెత్తుండవలెను. ముప్పది అడుగుల వెడల్పునకు మూడంగుళముల ఎత్తు చాలునని ఆయన నిర్ణయము. దానిపై పది అంగుళముల మందమున, మట్టి కలియని, కోణములు గల పగులగొట్టిన రాతిని పొరలుగా పఱచిన, బండిచక్రములే దానిని నలుగగొట్టి ఒక్కటిగా బిగించును. అడుగున పెద్దబండలు అక్కఱలేదు. ఆయన రోలరును వాడలేదు. రాళ్ళ నడుమ మన్ను కూరుటకును ఒప్పుకొనలేదు. నీరుపోసి, మన్ను చేర్చి, రోలరుతో బిగించుట తరువాతివారు చేర్చిన మార్పు.

ఈ పద్ధతి నిలుచుటయు చెడుటయు ఒక్క విషయముపై నాధారపడియుండెను. ప్రతి రాయియు చిన్నది కావలెను. పెద్దరాయి యొకటి లోపల దాగియున్న, చక్రము తగిలినప్పుడెల్ల అది కదలి, తుదకు పైకి లేచి, చుట్టునున్న పొరను చెఱచును. అయితే కప్పిన పిమ్మట రాయి పెద్దదో చిన్నదో ఎవరికి తెలియును? కూలివాడు అలసటచే, మేస్త్రి తొందరచే, కంట్రాక్టరు ఆశచే పెద్దరాయిని లోపల దాచవచ్చును. అందుచే రోడ్డుపని తుదకు మేలికంటికి మరుగుపడు పనియందలి నిజాయితీపై నిలుచుచున్నదని మెకాడం గ్రహించెను.

1816లో బ్రిస్టల్ ట్రస్టు ఆయనను సర్వేయరుగా నియమించెను. నూరుమైళ్ళకు మించిన బాటలు ఆయన చేతికి వచ్చినవి. ఆయన మొదట చేసినపని క్రొత్తరాతిని కొనుట కాదు, పాతబాటను త్రవ్వించుట. తరతరములుగా గుమ్మరించిన రాయి అందులోనే యున్నది. దానిని కొంతకొంతగా పైకిలేపి, మట్టి దులిపి, ప్రక్కన పెట్టి పగులగొట్టించి, మరల పఱపించెను. నిలుచుండి పెద్దసుత్తెలతో కొట్టు వాడుకను మాన్పి, కూర్చుండి చిన్నసుత్తెలతో కొట్టు నేర్పాటు చేసెను. దానిచే స్త్రీలును, వృద్ధులును, బాలురును ఆ పని చేయగలిగిరి. నెపోలియనుతో యుద్ధములు ముగిసి పనులు లేక బీదలు అలమటించుచున్న కాలమది. పగులగొట్టిన రాతికి కొలత ప్రకారము కూలి యిచ్చుట నియమమాయెను. బాలురచేత రాళ్ళు కొట్టించుట నేటి న్యాయమునకు సరిపడదు. ఆనాడు ఆ కూలియే కొన్ని యిండ్లలో పొయ్యి వెలిగించెను.

తన క్రింది సర్వేయరులను ఆయన చిన్నత్రాసును, ఆఱు ఔన్సుల గుండును జేబులో నుంచుకొని తిరుగుడని నియమించెను. కుప్పలో పెద్దదిగా కనబడిన రాయిని తూచవలెను; ఆఱు ఔన్సులు, అనగా ఇంచుమించు 170 గ్రాములు, మించిన రాయి తిరిగి సుత్తెక్రిందికి పోవలెను. న్యూయార్కు కొట్టులో పట్టిన త్రాసు ఈ విధముగా రహదారి కెక్కెను. చిన్నట్రస్టుల నొక్కటిగా కలుపవలెననియు, పని తెలిసిన సర్వేయరుకు మర్యాదగా బ్రదుకుటకు చాలిన జీతమీయవలెననియు, వాని లెక్కలను ఏటేట తనిఖీ చేయవలెననియు ఆయన పట్టుపట్టెను. తక్కువ జీతమునకు దొరికిన సర్వేయరు ప్రజలకు మిక్కిలి ఖరీదైనవాడని ఆయన ఉద్దేశము.

1816లో ఒకటియు, 1819లో ఒకటియు ఆయన గ్రంథములు వెలువడినవి. 1819లో పార్లమెంటు ఉపసంఘము ఆయన సాక్ష్యము వినెను. ఇంగ్లండున అనేక ట్రస్టులు ఆయననో ఆయన కుమారులనో పిలిపించుకొనినవి. 1823లో అమెరికాయందలి మేరీలాండు రాష్ట్రమున ఈ పద్ధతిలో బాట వేసిరి. 1784లో బ్రిస్టల్‌నుండి లండనుకు తపాలాబండి పదునాఱు గంటలలో చేరెను. 1830 తరువాత దాదాపు పండ్రెండు గంటలు చాలినవి.

కీర్తివెంట విమర్శయు వచ్చెను. గొఱ్ఱెలకాపరి కుమారుడై పుట్టి, తాపీపనివాడై పెరిగి, మహా ఇంజనీరైన థామస్ టెల్ఫర్డు, అడుగున పెద్దరాళ్ళను చేతితో పేర్చనిదే బాట నిలువదని వాదించెను. బరువైన రాకపోకలున్న చోట ఆ వాదమున బలము లేకపోలేదు. కాని ఆ పద్ధతికి ఖర్చు హెచ్చు. రాళ్ళను పగులగొట్టుట క్రొత్తవిద్య కాదని కొందఱనిరి, అదియు నిజమే. ఇన్ని ట్రస్టుల పదవులు ఒక్క కుటుంబమునకే చేరుట తగదని మఱికొందఱు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణకు పూర్తిసమాధానము లేదు. సర్కారు సొమ్మునకు లెక్క అడిగిన మనుష్యుడు తన యింటివారి పదవులను గూర్చియు లెక్క చెప్పవలసివచ్చెను. తాను సొంతముగా చేసిన వ్యయముకొఱకు ఆయన పార్లమెంటును అర్థించెను. 1820లో 2,000 పౌన్లును, అటుపిమ్మట మఱికొంతయు లభించినవి.

1826లో లండను ఉత్తరభాగపు ట్రస్టులను పార్లమెంటు ఒకే కమిషను క్రింద చేర్చెను. ఆయన కోరిన ఏకీకరణము ఈ రీతిగా కొంతవఱకు ఫలించెను. వృద్ధాప్యమున తనకు ఇవ్వజూపిన నైట్ బిరుదమును ఆయన స్వీకరింపలేదు. 1834లో అది కుమారుడు జేమ్సునకు దక్కెను. 1836 నవంబరు 26న, స్వదేశమును చూచి తిరిగివచ్చుచు, మాఫట్ అను చిన్నపట్టణమున మెకాడం మరణించెను. అప్పటికే రైళ్ళు నడచుచుండెను. గుఱ్ఱపుబండ్ల వైభవము అస్తమించుచుండెను.

మోటారుబండ్లు వచ్చిన పిమ్మట కంకరబాటలు దుమ్మెత్తి చెడసాగినవి. 1902లో కంకరకు తారు కలుపు పద్ధతికి ఇంగ్లండులో పేటెంటు పుట్టెను. దానినుండియే టార్‌మాక్ అను పేరు వచ్చినది. యౌవనమున తారువ్యాపారమున నష్టపడిన మెకాడం, దానిని బాటలకు వాడనేలేదు. కాలమే ఆ రెంటిని కలిపెను.

మన దేశమున 1854లో డల్హౌసీ కాలమున మరామత్తు శాఖ యేర్పడెను. కంకరరోడ్డు ఊరూరికి వ్యాపించెను. 1876-78 నాటి ధాత కరువున రాయలసీమ ప్రజలు సహాయకపనులలో కంకర కొట్టి ప్రాణములు నిలుపుకొనజూచిరి. ఆ రోడ్ల క్రింద వారి ఆకలియు పఱచియున్నది. అట్టి కష్టముతో పగిలిన రాయి, అట్టి పేదల పన్నులతో కూడిన సొమ్ము, కొలత తప్పి పోరాదు. నేడు పరీక్షాశాలలు వచ్చినవి, జల్లెడలు వచ్చినవి, యంత్రములు వచ్చినవి. అయినను పొర కప్పుటకు ముందు ఒక మనుష్యుడు వంగి, రాతిని చేతికి తీసికొని చూడవలసిన క్షణము మాత్రము తప్పలేదు. సర్వేయరు జేబులోని ఆఱు ఔన్సుల గుండు చేసినపని అదియే.