డీజిల్‌కి డీజిల్ తెచ్చిన తంటాలు

డీజిల్ అంటే మనకి బంకులో పోయించుకునే ఆయిల్. కానీ అది ఒక మనిషి ఇంటిపేరు. ఆయన పూర్తి పేరు రుడాల్ఫ్ డీజిల్. ఆయన గురించి వెతికితే ముందు కనిపించేది ఆయన చావు వెనకున్న మిస్టరీ. నన్ను ఎక్కువగా లాగింది మాత్రం వేరే విషయం. ఆయనకి ఐడియా దొరకడం ఒక ఎత్తు. ఆ ఇంజిన్ లోపలికి ఫ్యూయల్‌ని సరిగ్గా పంపించడం ఇంకో ఎత్తు. ఆయన జీవితాన్ని తినేసింది ఆ రెండోదే.

రుడాల్ఫ్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు జర్మనీలోని బవేరియా వైపు వాళ్లు. నాన్నది తోలు వస్తువులు తయారుచేసే పని. 1870లో ఫ్రాన్స్‌కీ ప్రష్యాకీ యుద్ధం వచ్చింది. జర్మన్ కుటుంబాలు పారిస్ వదిలి వెళ్లాల్సి వచ్చింది. వీళ్లు లండన్ చేరారు. అక్కడ పూట గడవడమే కష్టమైతే, పన్నెండేళ్ల పిల్లాణ్ణి ఒంటరిగా ఆగ్స్‌బర్గ్‌లో బంధువుల ఇంటికి పంపేశారు. ఆ ఇంటాయన లెక్కల మాస్టారు కావడం మాత్రం వీడి అదృష్టం.

ఆగ్స్‌బర్గ్ స్కూల్లో రుడాల్ఫ్ ఒక వింత లైటర్ చూశాడని చెబుతారు. చూడటానికి సైకిల్ పంపులా ఉంటుంది. పిస్టన్‌ని ఒక్కసారి గట్టిగా లోపలికి నొక్కితే గాలి నలిగి, వేడెక్కి, లోపలున్న దూదిలాంటి పదార్థం అంటుకుంటుంది. అగ్గిపుల్ల లేదు, స్పార్క్ లేదు.

తర్వాత మ్యూనిక్‌లో ఇంజినీరింగ్. 1879లో టైఫాయిడ్ వచ్చి ఫైనల్ పరీక్ష మిస్సయ్యింది. మన భాషలో సప్లీ అనుకోండి. 1880 జనవరిలో రాసి టాప్ మార్కులతో పాసయ్యాడు. అక్కడి ప్రొఫెసర్ కార్ల్ ఫాన్ లిండే, ఫ్రిజ్ టెక్నాలజీకి పునాది వేసినవాళ్లలో ఒకరు. ఆవిరి ఇంజిన్ బొగ్గులోని వేడిలో దాదాపు తొంభై శాతం వృథా చేస్తుందని ఆయన క్లాసులో చెప్పిన మాట రుడాల్ఫ్ బుర్రలో అలా ఉండిపోయింది.

ఆయన ఐడియా సింపుల్. సిలిండర్‌లో గాలిని మాత్రమే బాగా నొక్కాలి. అది నిప్పు పుట్టేంత వేడెక్కాక ఫ్యూయల్ లోపలికి పంపాలి. అదే అంటుకుంటుంది. 1893లో పేటెంట్ వచ్చింది, అదే ఏడాది పుస్తకం కూడా వేశాడు. ఆగ్స్‌బర్గ్ మెషిన్ ఫ్యాక్టరీ, క్రుప్ కంపెనీ డబ్బులు పెట్టడానికి ఒప్పుకున్నాయి. కాగితం మీద అంతా కరెక్టే. అసలు కథ రన్ చేశాక మొదలైంది.

1893 ఆగస్టు 10న మొదటి టెస్ట్. ఫ్యూయల్ లోపలికి వెళ్లగానే సిలిండర్ పైనున్న ప్రెషర్ కొలిచే పరికరం బాంబులా పేలింది. ముక్కలు పక్కనే ఉన్న డీజిల్‌కి తగలకుండా పోయాయి. ఇంజిన్ తిరగలేదు. కానీ స్పార్క్ లేకుండానే ఫ్యూయల్ అంటుకుందని మాత్రం తేలిపోయింది.

ఇప్పుడు సమస్య ఆలోచించండి. సిలిండర్ లోపల గాలి అప్పటికే ముప్ఫై రెట్లకి పైగా ఒత్తిడితో ఉంది. దానికి ఎదురెళ్లి ఫ్యూయల్ లోపలికి దూరాలి. ధారలా పడితే సరిగ్గా కాలదు, మంచులా చిమ్మాలి. సెకనులో చిన్న భాగంలోనే, సరైన క్షణంలో, ప్రతిసారీ అదే కొలతలో పడాలి. అప్పట్లో అలాంటి పంపు చేసేంత సన్నటి పనితనం లేదు. అందుకే ఆయన ఇంకా ఎక్కువ ఒత్తిడిగల గాలితో ఫ్యూయల్‌ని లోపలికి ఊదించాడు. దానికి విడిగా ఒక కంప్రెసర్ తగిలించాల్సి వచ్చింది. 1894 ఫిబ్రవరి 17న ఇంజిన్ తనంతట తాను ఒక్క నిమిషం తిరిగింది. ఆ ఒక్క నిమిషం నుంచి నమ్మకంగా తిరిగే ఇంజిన్ దాకా రావడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. 1897లో ప్రొఫెసర్ ష్రోటర్ పరీక్షిస్తే ఎఫిషియెన్సీ 26.2 శాతం. ఆవిరి ఇంజిన్ల ముందు అది మామూలు నంబర్ కాదు.

లైసెన్సుల కోసం కంపెనీలు క్యూ కట్టాయి. అమెరికా హక్కులు అడాల్ఫస్ బుష్ అనే బీరు వ్యాపారి కొన్నాడు. డీజిల్ లక్షాధికారి అయిపోయాడు, మ్యూనిక్‌లో పెద్ద బంగళా కట్టాడు. కానీ ల్యాబ్‌లో చక్కగా తిరిగిన ఇంజిన్ కస్టమర్ దగ్గర మొరాయించింది. ఫ్యూయల్ చిమ్మే భాగాలు మూసుకుపోయేవి, కంప్రెసర్లు ట్రబుల్ ఇచ్చేవి. డీజిల్ ఆరోగ్యం దెబ్బతింది, శానిటోరియంలో చేరాడు. ఆ ఇంజిన్‌ని ఓపిగ్గా దారిలో పెట్టింది ఇమ్మానుయేల్ లౌస్టర్ లాంటి ఫ్యాక్టరీ ఇంజినీర్లు. మనలో ఎంతమందికి ఆ పేరు తెలుసు?

ఇవన్నీ పాత కథలు కావు. ఒక పాత జనరేటర్ ఆగిపోతే మెకానిక్ ఏం చేస్తాడో గమనించండి. ముందు ట్యాంకు, తర్వాత ఫిల్టర్. ఆ తర్వాత పంపు మీద స్క్రూ లూజ్ చేసి, బుడగలు ఆగేదాకా చేత్తో పంపు కొడతాడు. లైన్‌లో గాలి ఉంటే పంపు ఎంత నొక్కినా గాలే నలుగుతుంది తప్ప నాజిల్ తెరుచుకునేంత ప్రెషర్ రాదు. స్టార్ట్ అయ్యి కుంటుతూ తిరిగితే, ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్ లూజ్ చేసి చూస్తాడు. ఏది లూజ్ చేసినా శబ్దం మారలేదో ఆ సిలిండరే పని చేయట్లేదని అర్థం. మనం కోడ్‌లో ఒక్కో లైన్ కామెంట్ చేసి బగ్ పట్టుకోవడం లాంటిదే ఇది. శుభ్రమైన ఫ్యూయల్, గాలి లేని లైన్, సరిగ్గా చిమ్మే నాజిల్. డీజిల్ తిప్పలు పడింది కూడా వీటి చుట్టూనే.

ఇంకో సంగతి. ఆయన ఇంజిన్ ఇప్పటి డీజిల్ ఆయిల్ కోసమే పుట్టలేదు. బొగ్గు పొడితో కూడా నడపాలని చూశాడు, కుదరలేదు. 1900 పారిస్ ఎగ్జిబిషన్‌లో ఒక చిన్న డీజిల్ ఇంజిన్ వేరుశనగ నూనెతో నడిచింది. అది ఏర్పాటు చేసింది డీజిల్ కాదు, ఓటో కంపెనీ. అయినా నూనె గింజల మీద ఆయనకి చివరిదాకా ఆశ ఉంది. రైతు తన పొలంలో పండించుకున్న దానితోనే ఇంజిన్ తిప్పుకోవచ్చు కదా.

చివరి రోజులు బాధగా ఉంటాయి. 1912లో సెలాండియా అనే పెద్ద ఓడ డీజిల్ ఇంజిన్లతో సముద్రాలు దాటింది. అదే టైమ్‌లో జర్మనీలో కొందరు ప్రొఫెసర్లు, నడిచిన ఇంజిన్ పేటెంట్‌లో రాసింది కాదనీ, క్రెడిట్ అంతా ఆయనది కాదనీ వాదించారు. అందులో కొంత నిజం ఉంది. పేటెంట్‌లో రాసినంత ఒత్తిడి ఎప్పుడూ సాధ్యం కాలేదు. ఇంకోపక్క భూముల వ్యాపారంలో డబ్బంతా పోయి, పైకి తెలియని అప్పుల్లో మునిగాడు. 1913 సెప్టెంబర్ 29 రాత్రి ఆంట్‌వర్ప్ నుంచి ఇంగ్లండ్ వెళ్లే డ్రెస్డెన్ అనే స్టీమర్‌లో భోంచేసి క్యాబిన్‌కి వెళ్లాడు. తెల్లారేసరికి లేడు. పది రోజుల తర్వాత ఒక డచ్ పడవవాళ్లకి సముద్రంలో శవం కనిపించింది. జేబులో దొరికిన వస్తువుల్ని ఆయన కొడుకు గుర్తుపట్టాడు. ఆత్మహత్యో, ప్రమాదమో, హత్యో ఈరోజుకీ తేలలేదు.

ఆయన పోయిన పద్నాలుగేళ్లకి, 1927లో, బాష్ కంపెనీ డీజిల్ ఇంజిన్ల ఫ్యూయల్ పంపుల్ని పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టింది. బరువైన ఆ కంప్రెసర్ అవసరం లేకుండా, పంపే నేరుగా ఫ్యూయల్ చిమ్మే పద్ధతి లారీల దాకా వచ్చింది. డీజిల్‌కి 1893లో కావాల్సింది అదే. ఆయన ఐడియా తప్పు కాదు, దాన్ని నడిపే విడిభాగం అప్పటికి ఇంకా పుట్టలేదు. ప్రాజెక్టులో ఐడియా ఇచ్చినవాడి పేరే స్లైడ్ మీద ముందు వేస్తాం. రాత్రంతా కూర్చుని దాన్ని నడిపించినవాడి పేరు కూడా ఆ పక్కనే వేద్దాం.