బ్యాటు ఉన్నవాడే కెప్టెన్ – విజ్జీ

సాయంత్రం పరేడ్ గ్రౌండులో మనం ఆడుకునేటప్పుడు బ్యాటు ఎవరిదైతే వాడే కెప్టెన్. విజయనగరం రాజకుమారుడు విజయానంద గజపతిరాజు (విజ్జీ) కథా దాదాపు అంతే. 1905లో పుట్టిన ఈయన 1930-31లో ఇంగ్లండు మేటి ఆటగాళ్లు హాబ్స్, సట్‌క్లిఫ్‌లను రప్పించి తన జట్టులో ఆడించారు. ఆ పలుకుబడితోనే 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత జట్టుకు కెప్టెన్ అయ్యారు. తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె. నాయుడు అంతటివాడు ఆయన కింద ఆడవలసి వచ్చింది. బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌నైతే మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపేశారు. అది పెద్ద అన్యాయమనే నా అభిప్రాయం. మూడు టెస్టుల్లో విజ్జీ చేసినవి 33 పరుగులే. రెండింట మనం ఓడాం.

అయినా ఆటను వదల్లేదు. తర్వాత క్రికెట్ బోర్డు అధ్యక్షుడిగా, రేడియో వ్యాఖ్యాతగా ఉన్నారు. 1960లో, మళ్లీ 1962లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లారు. కెప్టెన్సీ డబ్బుతో వచ్చినా, ఇది జనం ఓట్లతో వచ్చింది. 1965 డిసెంబరు 2న కాశీలో కన్నుమూశారు.