చూచిన చిత్రమునే మరల చూపించిన దర్శకులు : శ్రీ కదిరి వెంకటరెడ్డిగారు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములందు వయసు మళ్లిన వారిని, తాము అన్నిటికంటె ఎక్కువసారులు చూచిన సినిమా యేదియని అడిగినచో, సాధారణముగ వినవచ్చు పేర్లు రెండు మూడే: పాతాళభైరవి, మాయాబజార్, జగదేకవీరుని కథ. సిరిసిల్లలో సాంచాలు నడుపు నేతకారియైనను, కోరుట్లలో బీడీలు చుట్టు తల్లియైనను, గల్ఫు దేశములకు పోయివచ్చిన జగిత్యాల వాసియైనను ఈ విషయమున ఒకే మాట చెప్పుదురు. ఘటోత్కచు డెప్పుడు వచ్చునో, గంపలలోని లడ్డూలు ఎట్లు గాలిలో తేలి నోటిలో పడునో వారికి ముందే తెలియును. తెలిసియే చూతురు. పక్కవానికి ముందుగా చెప్పి, వానిచేత తిట్లు తిని మరీ చూతురు. రామారావు, నాగేశ్వరరావు, సావిత్రి, రంగారావు అను పేర్లు పసిపిల్లలకును వచ్చును. ఆ మూడు చిత్రములను తీసిన ఒక్క మనిషి పేరు అడిగినప్పుడు మాత్రము చాలమంది ఆలోచనలో పడుదురు.

ఆయన శ్రీ కదిరి వెంకటరెడ్డిగారు. చలనచిత్ర ప్రపంచమునకు కె.వి. రెడ్డిగారు.

మన పాత కరీంనగరము జిల్లా సినిమా రంగమునకు బిడ్డలను ఈయకపోలేదు. 1909లో జన్మించిన పైడి జైరాజుగారు బొంబాయి చేరి, మూగచిత్రముల నాటినుండి నటించి, 1980వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమును పొందిరి. సిరిసిల్ల చెంతనున్న హనుమాజీపేటలో 1931లో పుట్టిన డాక్టరు సి. నారాయణరెడ్డిగారు 1962లో వెలువడిన గులేబకావళి కథతో సినిమాపాటల రచనకు పూనుకొని, అనంతరము జ్ఞానపీఠ పురస్కారమును సయితము అందుకొనిరి. వారి జీవితములు వేరువేరుగ వ్రాయదగినవి. ఈ రజతోత్సవ సంచికకు తాడిపత్రి వాసియైన రెడ్డిగారిని ఎన్నుకొనుటకు కారణము వేరు. చదివిన పుస్తకమునే పాఠకుడు మరల ఎందులకు అడుగునను ప్రశ్న గ్రంథాలయమువారికి నిత్యము ఎదురగునది. చూచిన చిత్రమునే మరల ఎందులకు చూతురను ప్రశ్న దానికి తోబుట్టువు. దీనికి సమాధానము రెడ్డిగారు పనిచేసిన తీరులో చాలవరకు దొరకును.

వీరు 1912 జూలై 1వ తేదీన అనంతపురము జిల్లా తాడిపత్రిలో జన్మించిరి. బాల్యమునుండియు మూలా నారాయణస్వామిగారితో వీరికి గాఢమైన స్నేహము. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రము చదివిరి. ఆ చదువునకును సినిమాకును పొత్తు లేనట్లు తోచును గాని, ప్రతిదానిని కొలిచి తూచి చూచు బుద్ధి వీరికి అచటనే అలవడియుండవచ్చును. బి.ఎన్. రెడ్డిగారును నారాయణస్వామిగారును కలిసి వాహినీ సంస్థను నెలకొల్పినప్పుడు, వెంకటరెడ్డిగారు అందు ధనవ్యవహారములను, నిర్మాణపు ఏర్పాటులను చూచుకొను పనిలో చేరిరి. వందేమాతరం (1939), సుమంగళి (1940), దేవత (1941) చిత్రములు తయారగుచున్నంత కాలము వీరి చేతిలో ఉన్నది కలము కాదు, కెమేరా కాదు, జమాఖర్చుల పుస్తకము. ఒక అడుగు ఫిల్ము వృథాయైనచో ఎవరి సొమ్ము వృథాయగునో ఎరిగిన వాడు దర్శకుడగుట అరుదు. వీరి విషయమున అట్లు జరిగినది.

1943లో విడుదలయైన భక్తపోతన వీరి తొలి చిత్రము. మన ఓరుగంటి సీమలోని, నేటి జనగామ జిల్లాలోని, బమ్మెర గ్రామముతో ముడివడిన మహాకవి కథ యది. చిత్తూరు నాగయ్యగారు పోతనగా నటించిరి. కోశాధికారి తీసిన చిత్రము దక్షిణదేశమంతట జయప్రదముగ ఆడినది. నాలుగేండ్ల పిదప, 1947లో, యోగివేమన వచ్చెను. దానిని పండితులు, విమర్శకులు మెచ్చుకొనిరి. డబ్బు మాత్రము అంతగా రాలలేదు. నా మట్టుకు నాకు వేమనలో నాగయ్యగారి నటనకు మించినది తెలుగుతెరపై చాల తక్కువ. అయినను మన ఊళ్లలో దానిని పదిసార్లు చూచినవాడు కనబడడు. దుఃఖమును మనిషి ఒకసారి గౌరవించును. సంతోషము కొరకు మరల మరల వచ్చును. రెడ్డిగారు ఈ సంగతి గ్రహించిరని తరువాతి చిత్రములే చెప్పుచున్నవి.

1949లో గుణసుందరి కథ వెలువడెను. ఆంగ్ల నాటకకర్త షేక్స్పియరు వ్రాసిన లియరు రాజు కథను మన పల్లె ముసలమ్మలు చెప్పు ముగ్గురు కూతుళ్ల కథగా మలచిన చిత్రము. రచయిత పింగళి నాగేంద్రరావుగారు. వీరిద్దరి కలయిక తెలుగువారి అదృష్టము.

అప్పటి మన ప్రాంతపు స్థితిని ఇచట కొంచెము తలచుకొనవలెను. 1948 సెప్టెంబరు వరకు ఇచట నిజాం ప్రభుత్వము. పాఠశాలలో ఉర్దూ, కచేరీలో ఉర్దూ. తెలుగు ఇంటిలోను, పొలములోను, భాగవతుల ఆటలోను, గ్రంథాలయములోను బ్రతికినది. ఆ మార్పు జరిగిన మూడేండ్లలోపుననే, 1951 మార్చి 15న, పాతాళభైరవి విడుదలయైనది. నాగిరెడ్డి, చక్రపాణిగారల విజయా సంస్థకు అది రెండవ చిత్రము. మొదటిదైన షావుకారు మంచిదను పేరు పొందినను కాసులు కురిపింపలేదు. పాతాళభైరవి ఆ లోటును తీర్చినది. తోటరాముడు, నేపాళమాంత్రికుడు కాశీమజిలీ కథల వాసన గలవారు గాన, డేరా సినిమాలో నేలపై కూర్చున్న రైతునకు వారు క్రొత్తవారు కారు. ఒక్క ప్రొజెక్టరుతో ఆడించు ఆ డేరాలలో రీలు మార్చినప్పుడెల్ల ఆట ఆగెడిది. ఆ విరామములో జనము మాంత్రికుని అనుకరించెడివారు. డింగరి వంటి మాటలు పింగళివారి కలమునుండి ఊరి పిల్లల నోళ్లలోనికి ఎక్కినవి. 1952లో మన దేశమున జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవమునకు దక్షిణాదినుండి వెళ్లిన చిత్రము ఇదియొక్కటే.

రెడ్డిగారి పని విధానమును గూర్చి చెప్పవలసినది చాల గలదు. వీరు కథను కాగితముపై సంపూర్ణముగ పండించిన పిదపనే కెమేరా ముట్టెడివారు. ప్రతి దృశ్యము, ప్రతి సంభాషణ ముందే స్థిరపడవలెను. దానిని సహాయకులచేత చదివించి, నటింపజేసి, చేత స్టాపువాచి పట్టుకొని యెన్ని నిమిషములు పట్టునో చూచెడివారు. అందువలన చిత్రము పూర్తియైనప్పుడు ఎంత పొడవుండునో మొదటనే తెలిసెడిది. తీసిన పిదప కత్తిరించి పారవేయుట స్వల్పము. ఒకసారి కాగితముపై కుదిరిన మాటను స్థలమున మార్చుటకు ఎంత పెద్ద నటునకైనను అనుమతి లేదు. ఇది కఠినముగ తోచవచ్చును. కాని బిగువుగ నేసిన బట్ట ఎన్ని ఉతుకులకును నిలుచునని సిరిసిల్లవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

1954లో పెద్దమనుషులు, 1955లో దొంగరాముడు వచ్చినవి. మొదటిది నార్వే నాటకకర్త ఇబ్సెను రచన ప్రేరణగా, ఊరి పెద్దల ముసుగులు తీసిన చిత్రము. రాష్ట్రపతి రజతపతకమును గెలుచుకొన్నది. దొంగరాముని కొరకు అన్నపూర్ణా సంస్థవారు, తమ మొదటి చిత్రమునకు వీరే దర్శకులు కావలెనని, ఏండ్ల తరబడి వేచియుండిరి.

1957 మార్చి 27న మాయాబజార్ విడుదలయైనది. శశిరేఖా పరిణయము అంతకు పూర్వమే సురభి నాటక సమాజములవలన, తోలుబొమ్మలాటలవలన తెలుగుదేశమంతట ప్రసిద్ధము. 1936లోనే ఒక చిత్రముగ కూడ వచ్చినది. అందరికి తెలిసిన కథను మరల తీయుటలో సాహసమున్నది. వ్యయము పెరుగుచున్నదని సంస్థలో సందేహములు కలిగి, పని ఒకప్పుడు నిలిచిపోయి, తిరిగి ఆరంభమయ్యెను. అంతకుముందు సొంతవూరు చిత్రములో కృష్ణునిగా కనబడినప్పుడు ప్రేక్షకులు ఆదరింపనందున, రామారావుగారే ఆ వేషమునకు వెనుకాడిరి. రెడ్డిగారు పట్టు విడువలేదు. తరువాత తెలుగువారికి కృష్ణుడనగానే ఎవరి ముఖము తోచెనో మనకు తెలియును. బలరాముడుగ నటించిన గుమ్మడిగారు తమ తమ్ముడుగ నటించిన రామారావుగారికంటె నాలుగేండ్లు చిన్నవారు. అది తెలిసి చూచినను ఆయన అన్నగారే!

ఈ చిత్రములో పాండవులు ఒక్కరును కనబడరు. భారతకథలో పాండవులు లేకుండుట, పెండ్లిలో పెండ్లికొడుకు లేకుండుట వంటిది గదా! కాని మూడు గంటలు చూచిన తరువాత గూడ చాలమందికి ఆ సంగతి స్ఫురింపదు. రెండవమారో, మూడవమారో తెలిసినప్పుడు ఆశ్చర్యపడి నాల్గవమారు చూతురు. మార్కస్ బార్ట్లే అను ఛాయాగ్రాహకుడు వెన్నెలను దీపములతో సృష్టించెను. నౌకావిహారములో కొద్దిభాగము తప్ప మిగిలినదంతయు స్టూడియోలోనిదే. ద్వారకానగరము బొమ్మ ఇండ్ల కూర్పు. గోఖలే, కళాధర్‌గారల కళాదర్శకత్వమది. నాలుగు పాటలకు సాలూరి రాజేశ్వరరావుగారు బాణీలు కట్టగా, తక్కిన పని ఘంటసాలగారు నిర్వహించిరి. ఇక సావిత్రిగారు శశిరేఖగాను, శశిరేఖ రూపము దాల్చిన ఘటోత్కచునిగాను నటించిన తీరు చెప్పతరము కాదు. ఆడపిల్ల ముఖములో రాక్షసుని చూపు, నడకలో రాక్షసుని అడుగు. మొదటిసారి నవ్వుదుము, పదవసారి ఆమె కనుబొమలను మాత్రమే చూతుము.

తసమదీయులను మాట ఏ నిఘంటువునందును లేకున్నను మన ఊళ్ల పంచాయితీలలో వినబడును. ప్రియమైన వారిని చూపించు ప్రియదర్శిని పెట్టె ఆనాడు మాయ. నేడు కోరుట్లలోని తల్లి దుబాయిలోని కుమారుని చేతిఫోనులో చూచుచు మాటలాడుచున్నది. ఒక సంగతి గ్రంథాలయ చందాదారులకు ప్రత్యేకముగ మనవి చేయవలసియున్నది. చిత్రము చూచిన ఉత్సాహముతో కవిత్రయ భారతములో శశిరేఖను వెదకువారికి ఆమె దొరకదు. వ్యాసభారతమునందును ఆ కథ లేదు. అది జనులు కల్పించుకొని, జనులే పెంచుకొన్న కథ. రెడ్డిగారు దానిని జనులకే తిరిగి యిచ్చిరి.

ఆ తరువాత పెళ్లినాటి ప్రమాణాలు (1958), జగదేకవీరుని కథ (1961), శ్రీకృష్ణార్జున యుద్ధము (1963) వచ్చినవి. జగదేకవీరుడు మన ప్రాంతమున మాయాబజారుతో పోటీపడినాడు. అంతటితో అదృష్టము మొగము చాటుచేసినది. 1965లో సత్యహరిశ్చంద్ర ప్రేక్షకులను ఆకర్షింపలేదు. 1968లో వచ్చిన ఉమాచండీ గౌరీశంకరుల కథ, భాగ్యచక్రము కూడ నిలువలేదు. అదే దర్శకుడు, అదే స్టాపువాచి, చాలవరకు అదే పరివారము. కాలము మాత్రము మారినది. విజయా సంస్థతో అనుబంధము తెగెను. పనిలేక ఇంటికడనుండవలసిన దినములు వచ్చినవి. ఇందులో నన్ను బాధించు విషయమొకటి గలదు. అవే సంవత్సరములలో మన ఊరి డేరాలలో మాయాబజారును పదవమారు చూచినవారే, అదే మనిషి తీసిన క్రొత్త చిత్రమును ఒక్కమారైనను చూడ పోలేదు. జనుల ప్రేమ చిత్రముపైనేగాని చిత్రకారునిపై కాదని చెప్పవలసియున్నది.

తనకు కృష్ణరూపమును ప్రసాదించిన గురువును రామారావుగారు మరువలేదు. తమ సొంత సంస్థలో శ్రీకృష్ణసత్య చిత్రమును వీరికి అప్పగించిరి. 1971 డిసెంబరులో విడుదలయైన ఆ చిత్రము జయము పొందెను. రెడ్డిగారు కడసారి గెలిచిరి. 1972 సెప్టెంబరు 15వ తేదీన, తమ 60వ యేట, మద్రాసులో పరమపదించిరి. దర్శకత్వము వహించిన తెలుగు చిత్రములు 14 మాత్రమే. మాయాబజారునకు సహాయకుడుగ చేరిన సింగీతము శ్రీనివాసరావుగారు తరువాత గొప్ప దర్శకులై, ఆ కాగితపు క్రమశిక్షణను తాము గురువుగారినుండి నేర్చితిమని చెప్పుకొనిరి.

2010 జనవరిలో మాయాబజార్ రంగులు పూసుకొని మరల సినిమాహాళ్లకు వచ్చినప్పుడు, తాతలు మనుమలను వెంటబెట్టుకొని పోయిరి. నాకు నలుపు తెలుపే హాయి. అది నా వయసు దోషము కావచ్చును. 2016లో మన ప్రాంతము జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలుగ విడిపోయినది. డేరాలు పోయినవి. సినిమాలు ఇంటి గోడకు ఎక్కినవి, అరచేతిలోనికి దిగినవి. పండుగనాడు టీవీలో మాయాబజారు వేసినచో ఇప్పటికిని వంటయింటిలోనివారికి పిలుపు పోవును. పేర్లు పడుచుండగా ఒకరు చాప పరతురు, ఒకరు పిల్లవానిని కసరుదురు, ఒకరు మంచినీళ్ల చెంబు తెత్తురు. దర్శకుని పేరు ఆ పేర్లలో చిట్టచివర వచ్చును. అందరు సర్దుకొని కూర్చుండి తల యెత్తు సరికి కథ ప్రారంభమైయుండును.