గోడ వేడిని వెనక్కి చదివిన తిఖోనోవ్

స్కోఫీల్డ్స్‌లో జనవరి నెలలో పొద్దుగూకేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. షిఫ్ట్ దిగి, ట్రైన్ పట్టుకుని ఇల్లు చేరి పడమటి గోడకి చెయ్యి ఆనిస్తే ఇంకా చురుక్కుమంటూనే ఉంటుంది. ఇక్కడికి దగ్గర్లోని పెన్రిత్‌లో 2020 జనవరి 4న 48.9 డిగ్రీలు నమోదైంది. మనకి రెంటచింతల గుర్తుకు రాకుండా ఉంటుందా!

సరే, గోడ లోపలి వేడిని కొలిచి, మధ్యాహ్నం బయట ఎండ ఏ గంటకి ఎంత కాసిందో చెప్పగలమా? బయటి ఎండ తెలిస్తే లోపలి వేడి లెక్కకట్టడం తేలికే. వెనక్కి వెళ్లడమే కష్టం. ఎండలోని ఎగుడుదిగుళ్లన్నీ ఇటుక దాటి లోపలికొచ్చేసరికి కలిసిపోయి చదునైపోతాయి. వాటిని మళ్లీ విడదీయబోతే థర్మామీటర్‌లో అర డిగ్రీ తప్పు జవాబులో పదుల డిగ్రీల తప్పయి కూర్చుంటుంది. వీటినే విలోమ సమస్యలంటారు. చాలాకాలం గణితవేత్తలు ఇలాంటివి అర్థంలేని లెక్కలని పక్కన పెట్టేశారు.

ఆ లెక్కల్ని దారిలో పెట్టిన మనిషి ఆంద్రేయ్ తిఖోనోవ్. 1906 అక్టోబరు 30న రష్యాలోని గ్జాత్స్క్‌లో పుట్టారు. యూరీ గగారిన్ పుట్టిన పల్లె కూడా ఆ పక్కనే. 1968లో ఆ ఊరికి గగారిన్ పేరే పెట్టారు. తిఖోనోవ్ బళ్లో కూర్చుని చదివింది తక్కువ. పదమూడో ఏట రైల్వేలో గుమాస్తాగా చేరి, సాయంత్రాలు చదువుకుని, 1922లో మాస్కో యూనివర్సిటీలో సీటు సంపాదించారు. పగలు పని, రాత్రి చదువు సంగతి మనవాళ్లకి వేరే చెప్పాలా?

యుద్ధం రోజుల్లో ఆయన ముందుకొచ్చిన ప్రశ్న భూమి లోపలి ఖనిజాల గురించి. పైన కొలిచి, కింద ఏముందో చెప్పాలి. జవాబు ఫలానా హద్దుల్లోనే ఉంటుందని ముందే తెలిస్తే చిన్న తప్పు చిన్నదిగానే ఉండిపోతుందని 1943లో నిరూపించారు. పూర్తి పద్ధతి మాత్రం 1963లో వచ్చింది. మధ్యలో, 1948 నుంచి, అణుబాంబు లెక్కలు కట్టే రహస్య బృందాన్ని నడిపారు. మెచ్చుకోలు వ్యాసమని దీన్ని దాచలేం.

ఆ 1963 పద్ధతే రెగ్యులరైజేషన్. జవాబు కొలతకి సరిపోవాలి, కానీ అడ్డదిడ్డంగా గెంతితే జరిమానా! జరిమానా తక్కువైతే జవాబు పిచ్చిగా ఊగుతుంది. ఎక్కువైతే నిజమైన ఎండ శిఖరం కూడా చదునైపోతుంది. ఆ తూకమే అసలు పని.

తర్వాత మాస్కోలోనే ఒలేగ్ అలిఫానొవ్ లాంటివాళ్లు ఇంకో దారి బలపరిచారు. ఒక అంచనా వేసి, కొలతతో పోల్చి, కొంచెం సరిదిద్ది, మళ్లీ పోల్చడం. కూరలో ఉప్పు చూసుకున్నట్టే. కిటుకు ఆపడంలో ఉంది. తేడా థర్మామీటర్ తప్పుతో సమానమయ్యాక ఇంకా తిప్పితే మనం సరిదిద్దేది ఆ తప్పునే.

ఇదంతా గోడల కోసం కాదు లెండి. శ్రీహరికోట నుంచి వెళ్లిన మన ఎస్‌ఆర్‌ఈ-1 క్యాప్సూల్ 2007 జనవరి 22న బంగాళాఖాతంలో దిగింది. అలాంటివి వాతావరణంలోకి వచ్చేటప్పుడు బయటి పొర వెయ్యి డిగ్రీలు దాటి కాలుతుంది. అక్కడ సెన్సర్ నిలవడం కష్టం. లోపల కొలిచి బయటి మంటని లెక్కగట్టాల్సిందే.

1970లో మాస్కో యూనివర్సిటీలో కంప్యూటర్ గణితానికి ప్రత్యేక ఫ్యాకల్టీ పెట్టించి, ఇరవయ్యేళ్లు దానికి డీన్‌గా ఉన్నారు తిఖోనోవ్. 1993 అక్టోబరు 7న కన్నుమూశారు.