సహకారమూర్తి రైఫైజెన్

నేడు మన గ్రామములలో రైతునకు విత్తనములకును ఎరువులకును అప్పునిచ్చు పరపతి సంఘముల పుట్టుక ఒక కఱవునందున్నది. జర్మనీదేశపు పడమటి కొండసీమలో ఆ కఱవు నెదుర్కొన్న యొక గ్రామాధికారి చరిత్ర తెలిసికొనదగినది.

ఫ్రీడ్రిఖ్ విల్హెల్మ్ రైఫైజెన్ 1818 మార్చి 30వ తేదీన జీగ్ నదీతీరమందలి హామ్ గ్రామమున జన్మించెను. తొమ్మండుగురు బిడ్డలలో ఏడవవాడు. సైన్యమున చేరెను గాని నేత్రవ్యాధిచే 1843లో ఆ కొలువు విడువవలసి వచ్చెను. 1845లో వైయర్‌బుష్ గ్రామసముదాయమునకు అధ్యక్షుడయ్యెను.

మఱుసటి యేడే పంటలు పోయినవి. 1846-47 శీతకాలమున బీదల యిండ్లలో పొయ్యిలో పిల్లి లేవలేదు. ప్రభుత్వము ధాన్యము పంపెను గాని, రొక్కము చెల్లించినవారికే ఇయ్యవలెనని నిబంధన విధించెను. చేత రొక్కమే యున్నచో ఆకలి యేల? రైఫైజెన్ ఆ ధాన్యమును బీదలకు అరువుగా నిప్పించెను. సంపన్నులను కూడగట్టి నిధి సేకరించెను. ఊరిలో రొట్టెలపొయ్యి కట్టించి చవుకగా రొట్టె నందజేసెను. విత్తనపు దుంపలను గూడ సమకూర్చెను.

కఱవు తీరెను గాని అప్పులు తీరలేదు. పశువునకై వడ్డీవ్యాపారి నాశ్రయించిన రైతు, పశువుతోపాటు పొలమును గూడ పోగొట్టుకొనుచుండెను. అందులకై 1849లో ఫ్లామర్స్‌ఫెల్డ్‌నందును, 1854లో హెడ్డెస్‌డార్ఫ్‌నందును ఆయన సహాయసంఘములను స్థాపించెను. అవి ధనికుల దయపై నడచినవి. క్రమముగా వారి యుత్సాహము సన్నగిల్లెను. తాను నమ్మిన దానమార్గము నిలువదని యొప్పుకొనుట ఆయనకు సులభము కాలేదు. అయినను 1864లో హెడ్డెస్‌డార్ఫ్‌నందు క్రొత్త పద్ధతి నేర్పరచెను. అప్పుగొనువాడు సభ్యుడై యుండవలెను. సంఘపు బాకీలకు సభ్యులందఱును అపరిమితముగా పూచీపడవలెను. ఒకరినొకరు ఎఱుగునంతటి చిన్న ప్రాంతమునకే సంఘము పరిమితము. నిర్వాహకులకు జీతము లేదు. మిగులు ధనము పంచుకొనరాని నిధి. ఆస్తిలేని రైతునకు ఇరుగుపొరుగువారి నమ్మకమే తాకట్టయ్యెను.

1865లో అనారోగ్యముచే పదవి విడిచి, మఱుసటి యేట తన యనుభవములను గ్రంథముగా ప్రకటించెను. చూపు క్షీణింపగా కుమార్తె అమాలియా వ్రాతపనిలో తోడ్పడెను. 1888 మార్చి 11న ఆయన మరణించెను.

మదరాసు ప్రభుత్వమునకు ఫ్రెడరిక్ నికల్సన్ 1895, 1897లలో సమర్పించిన నివేదిక రైఫైజెన్ మార్గమునే సూచించెను. నాటి కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాజధానిలోనివే. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను.

దానము ఆకలిని తీర్చును. పరస్పరమైన పూచీ మనుష్యుని నిలబెట్టును. ఆ పూచీని మఱచి పేరు మాత్రము నిలుపుకొన్న సంఘము మరల దాతలకై ఎదురుచూచు సంఘమే యగును.